నిండిన గోదాంలో బస్తా ఎందుకు దొరకదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాలకొల్లు దగ్గర మామగారి గోదాం, 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. ఏడాదిగా మీరే చూసుకుంటున్నారు. సగంలో ధాన్యం, మిగతా సగంలో రొయ్యల మేత, ఒక మూల ఎరువులు. పుస్తకంలో సరుకు ఉంటుంది, రైతు వచ్చి అడిగినప్పుడు దొరకదు. మార్చిలో లెక్క తీస్తే ధాన్యానికి తరుగు తేలింది, మేత బస్తాలు కొన్ని గడువు దాటి కూర్చున్నాయి. ఒకరు సాఫ్ట్‌వేర్ కొనమన్నారు, ఇంకొకరు గోదాం చాలడం లేదు, పక్కనే మరో షెడ్డు వెయ్యమన్నారు. ఏది ముందు?

రెండూ వద్దండి, ఇప్పుడప్పుడే. ముందు మీ గోదాం నేలలో నలభై శాతం ఖాళీ చెయ్యండి. తర్వాత ప్రతి నెట్టుకీ, అంటే వరసల మీద వరసలు పేర్చిన బస్తాల దొంతరకి, ఒక నంబరు, ఒక కార్డు పెట్టండి. చీటీ లేకుండా ఒక్క బస్తా కూడా కదలనివ్వకండి. ఈ మూడూ కుదిరాక ఆరు నెలలు చూడండి. షెడ్డు అవసరమో కాదో గోదామే చెబుతుంది.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో కాటా గుమాస్తాగా చేరి, ఇరవై మూడేళ్లుగా గోదాముల్లోనే ఉన్నాను. నలభై శాతం ఖాళీ అంటే మీ మామగారు ఏమంటారో నాకు తెలుసు. మా ఓనరుగారూ అదే అన్నారు: "ఖాళీ నేలకి అద్దె ఎవడిస్తాడయ్యా?" కానీ ఆ ఖాళీ లేకపోతే మిగతా అరవైలో ఉన్న సరుకు మీది కాదు, గోదాంది. అది ఇచ్చినప్పుడే మీరు తీసుకోవాలి.

మీ కొలతలతోనే లెక్క వేద్దాం. 20 అడుగులకి 30 అడుగులు ఒక నెట్టు అనుకోండి. సర్కారు గోదాముల్లోనూ దాదాపు ఇదే కొలత. వెడల్పులో గోడకి రెండున్నర అడుగులు వదిలి 20 అడుగుల నెట్టు, నడుమ 15 అడుగుల దారి, మళ్లీ 20 అడుగుల నెట్టు, అవతలి గోడకి రెండున్నర. అక్కడికి 60 సరి. పొడవులో 30 అడుగుల నెట్లు మూడు, వాటి మధ్య రెండు సందులు, రెండు చివర్లా గోడ సందులు, అన్నీ రెండున్నర అడుగులే. అదీ 100 సరి. మొత్తం ఆరు నెట్లు, 3,600 చదరపు అడుగులు. అంటే 6,000లో సరిగ్గా అరవై శాతం. ఇంతకు మించి పెట్టారంటే ఏదో ఒక దారి మింగేసినట్టే.

పాతకాలపు 75 కిలోల ధాన్యం బస్తా పడుకోబెడితే సుమారు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తింటుంది. అంటే నెట్టుకి వరసకి వంద బస్తాలు. పన్నెండు వరసలు వేస్తే 1,200 బస్తాలు, 90 టన్నులు. ఆరింటిలో ఒక నెట్టు జాగాని ఎప్పుడూ ఖాళీగా, వచ్చిన సరుకు దించి చూసుకోవడానికి ఉంచండి. ఇది మాత్రం నా మాట వినండి. లారీ దిగిన సరుకు తిన్నగా నెట్టు ఎక్కిందంటే అందులో తడిసినవి, చిరిగినవి, తూకం తగ్గినవి అన్నీ కలిసిపోతాయి. ఇక బయటపడేది మీరు అమ్మే రోజునే.

గోడ సందు గురించి ఒక మాట. నేను కొత్తగా ఇన్‌చార్జి అయిన ఏడాది జాగా చాలక ఉత్తరం గోడకి ఆనించి నెట్టు కట్టించాను. వానాకాలం అంతా ముందు నుంచి చూస్తే బస్తాలు నిగనిగలాడుతున్నాయి. అక్టోబరులో డెలివరీకి విప్పితే వెనక వరస బస్తాలు గోడకి అతుక్కుపోయాయి. గోనె ముట్టుకుంటే చేతికి పొడిలా వచ్చింది, లోపల గింజ పసుపు రంగు తిరిగి ముక్కిన వాసన. ముప్పై ఎనిమిది బస్తాలు కోళ్ల మేతకి పోయాయి. డెల్టాలో నేల కింద నీరు చేతికందే లోతులో ఉంటుంది, గోడలు ఆ చెమ్మని పైకి పీలుస్తాయి. గోడ పక్కన మనిషి నడిచే సందు ఉంటే చెమ్మ ఎక్కడ పట్టిందో వారానికోసారి కంటికి కనిపిస్తుంది. నేల మీద కూడా నేరుగా వెయ్యకండి. చెక్క పలకలు మంచివి. డబ్బు చూసుకోవాలంటే మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దాని మీద వెదురు తడికెలు.

ఇప్పుడు మీ తరుగు సంగతి. మీరు దొంగతనం అనుమానిస్తున్నట్టు రాశారు. ఉండొచ్చు. కానీ ముందు తేమ లెక్క వెయ్యండి. సర్కారు కొనుగోలులో ధాన్యానికి 17 శాతం వరకు తేమ ఒప్పుకుంటారు. అది కొనడానికి హద్దు, నెలల తరబడి నిల్వ పెట్టడానికి కాదు. నిల్వకి 14 లోపు ఉండాలి. 17 శాతంతో వచ్చిన వంద క్వింటాళ్లు 14కి ఆరేసరికి 96.5 క్వింటాళ్లే ఉంటాయి. ఎవరూ గింజ ముట్టుకోలేదు, మూడున్నర క్వింటాళ్లు గాలిలో కలిశాయి. మీరు వచ్చినప్పటి తేమ రాసి పెట్టుకోలేదు కాబట్టి పాపం ముఠా వాళ్ల (బస్తాలు మోసే కూలీల) మీదకి పోయింది. తూకంతో పాటు తేమ కూడా రాయకపోతే ఆ తూకానికి అర్థం లేదు. తేమ మీటరు కొనండి, ఏడాదికోసారి సరిచేయించండి. మా పాత మేస్త్రి గింజ పంటి కింద పెట్టి "కటుక్" అందో లేదో చూసి చెప్పేవాడు. ఆయన చెప్పింది మీటరుకి దగ్గరగానే ఉండేది, కానీ ఆయన పన్నుని ఆడిటరు ఒప్పుకోడు.

సార్వా (వానాకాలం పంట) ధాన్యంతో ఇంకా జాగ్రత్త. నవంబరు, డిసెంబరుల్లో కోత, పైన తుపాను మబ్బు, రైతుకి ఆరబెట్టే వ్యవధి ఉండదు. లోపల వేడెక్కుతోందా అన్న అనుమానం వస్తే పొడవాటి ఇనుప చువ్వ ఒకటి నెట్టులోకి గుచ్చి పావుగంట ఉంచండి. తీసి అరచేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. వెచ్చగా ఉంటే ఆ రోజే నెట్టు విప్పాలి, రేపటికి కాదు. దాళ్వాది (రెండో పంటది) ఇందుకు తిరగబడిన కథ. ఎండకి గింజ మరీ ఆరి నూక ఎక్కువవుతుంది, కానీ నిల్వకి మాత్రం అంత ఇబ్బంది పెట్టదు. రకాలు కూడా కలపకండి. మార్టేరు స్వర్ణ ఒక నెట్టు, 1121 ఒక నెట్టు. కలిసిపోయిన ధాన్యానికి మిల్లరు రెండింటిలో తక్కువ ధరే కడతాడు.

లెక్కపెట్టడం గురించి. నెట్టు ముందు నిలబడి పొడవు ఇన్ని, వెడల్పు ఇన్ని, ఎత్తు ఇన్ని అని గుణించేస్తాం. అందులో ఒక మోసం ఉంది, నేను తిన్నాను. ఒకాయన దగ్గర నుంచి కట్టి ఉన్న నెట్టుని అప్పగింత తీసుకుంటూ, గుణించి 1,080 బస్తాలని సంతకం పెట్టాను. నెల తర్వాత పై వరసలు తీస్తుంటే మా కుర్రాడు నడుము దాకా లోపలికి దిగిపోయాడు. నెట్టు మధ్యలో బావిలా వదిలేసి చుట్టూ కట్టారు. తొంభై బస్తాల పైన తేడా. అప్పటి నుంచి వేరేవాళ్లు కట్టిన నెట్టుని పైకెక్కి నడవకుండా ఒప్పుకోను. మీ సొంత నెట్లకి కూడా వరస వరసకీ లెక్క రాయించండి, సుద్దతో ఐదేసి గీతలు గోడ మీద కాదు, కార్డు మీద.

ఆ కార్డు సంగతే అసలు. ప్రతి నెట్టుకీ ఒక అట్ట ముక్క, ప్లాస్టిక్ కవరులో పెట్టి వేలాడదీయండి. పైన నెట్టు నంబరు, సరుకు, రకం, ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చిన తేదీ, తేమ. కింద మూడే గళ్లు: వచ్చింది, పోయింది, ఉంది. బస్తా కదిలినప్పుడు నెట్టు దగ్గరే రాయాలి, సాయంత్రం ఆఫీసులో గుర్తు తెచ్చుకుని కాదు. గేటు దగ్గర చీటీ, కాటా దగ్గర చీటీ, నెట్టు దగ్గర కార్డు. ఈ మూడింటిలో ఏ రెండు కలవకపోయినా ఆ రోజే తెలుస్తుంది. మార్చిలో ఏడాదంతా ఒకేసారి లెక్కపెట్టే బదులు ప్రతి శనివారం ఒక్క నెట్టు లెక్కపెట్టండి. ఏ నెట్టో ముందు చెప్పకండి. నెలన్నరలో మొత్తం ఒక చుట్టు తిరిగొస్తుంది.

చీటీ అందరికీ వర్తించాలి. మామగారు ఇంటికి రెండు బస్తాలు పంపమన్నా సరే. అల్లుడు మామగారికి చీటీ రాసివ్వడం ఇబ్బందే, ఒప్పుకుంటాను. నేను ఒక ఉపాయం చేశాను: "ఓనరు వాడకం" అని చీటీ పుస్తకం రంగు మార్చి వేరేగా వేయించాను. ఆయన తన పుస్తకం అనుకుని తనే సంతకం పెట్టేవారు.

ఇక మేత. గడువు ఎందుకు దాటుతుందంటే, కొత్త లారీ వచ్చినప్పుడు ముఠా వాళ్లు దగ్గర్లో ఖాళీ ఎక్కడుంటే అక్కడ పాత సరుకు ముందే పేరుస్తారు. తర్వాత తీసేవాడు ముందున్నదే తీస్తాడు. పాతది గోడ వైపు ముసలిదైపోతుంది. ముందొచ్చింది ముందు పోవాలని బోర్డు రాసి పెడితే సరిపోదు, జాగా అలా అమర్చాలి. బాగా పోయే నంబరు (గుళిక సైజు) మేతకి రెండు జాగాలు ఇవ్వండి. ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఖాళీ అయిన దాంట్లోకే కొత్త లారీ. సంచి మీద వేసిన తయారీ తేదీని మార్కరుతో పెద్ద అంకెల్లో కార్డు మీద రాయించండి. రొయ్యల మేతలో నూనె ఉంటుంది, వేడికి, చెమ్మకి త్వరగా కంపు కొడుతుంది, బూజు పడుతుంది. సంచి మీద అచ్చేసిన ఎత్తుకి మించి పేర్చితే అడుగు సంచుల్లో గుళికలు నలిగి పొడవుతాయి. ఆ పొడి రైతు చెరువులో నీళ్లు పాడుచేస్తుంది, తిట్లు మీకు వస్తాయి. రోజూ పోయేవి షటరు దగ్గర, నెలకోసారి పోయేవి లోపలి చివర. ఇది అందరికీ తెలిసిందే, చేసేవాళ్లే తక్కువ.

ఎరువుల మూలని ఈ వారంలోనే వేరు చెయ్యండి. యూరియా గాలిలో చెమ్మని లాగి నీరు కారుతుంది, పక్కనున్న మేత సంచి దాన్ని తాగుతుంది. కనీసం గోడ ఒకటి కట్టి వేరే తలుపు పెట్టండి. పురుగుమందు డబ్బాలు కూడా ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే అసలు ఆ గోదాంలోనే ఉండకూడదు. తిండి సరుకుతో కలిపి పురుగుమందులు నిల్వ పెట్టకూడదని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది.

పురుగు దగ్గరికి వస్తే మీలాంటి కలగాపులగం గోదాముల్లో జనం చేసే పెద్ద పొరపాటు ఒకటి చెప్పాలి. ధాన్యానికి ముక్కపురుగు, నుసిపురుగు పట్టకుండా నెట్ల పైన, గోడల మీద, దారుల్లో మలాథియాన్ పదిహేను రోజులకోసారి, లేదా డెల్టామెత్రిన్ మూడు నెలలకోసారి కొడతారు. ధాన్యం గోదాంలో అది మామూలే. కానీ మీ దగ్గర పక్క నెట్టు రొయ్యల మేత. రొయ్య, పురుగు దగ్గర చుట్టాలు. డెల్టామెత్రిన్ పురుగుని ఎలా చంపుతుందో రొయ్యనీ అలాగే చంపుతుంది, అదీ చాలా తక్కువ మోతాదులో. పిచికారీ తుంపర మేత సంచి మీద పడి, ఆ సంచి చెరువు గట్టు మీద విప్పితే ఆ రైతుకి మీరేం చెబుతారు? అందుకే ధాన్యం, మేత మధ్య అడ్డుగోడ వచ్చేదాకా మందు కొట్టకండి. ఊడవండి. నిజంగా చెబుతున్నా, రాలిన గింజ, చిరిగిన సంచుల దుమ్ము, మూలల్లో బూజు రోజూ ఊడిస్తే పురుగు సగం తగ్గుతుంది. ఊడ్పు గింజలు తూచి వేరే బస్తాలో వేసి లెక్కలో రాయండి, మళ్లీ నెట్టులో కలపకండి. పురుగంతా అందులోనే ఉంటుంది.

పురుగు అప్పటికే లోపల పడితే బిళ్లలు పెట్టించాల్సిందే, అల్యూమినియం ఫాస్ఫైడ్. నెట్టు మీద పాలిథిన్ కప్పి, అంచులు ఇసుక నింపిన గుడ్డ గొట్టాలతో నొక్కి, ఏడు రోజులు కదపకూడదు. మూడు గ్రాముల బిళ్ల నుంచి ఒక గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, అది పురుగునీ మనిషినీ వేరు చూడదు. ఇది మీరు చేసుకునే పని కాదు. అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతోనే చేయించాలి, చట్టం కూడా అదే చెబుతుంది. గోదాంలో వాచ్‌మన్ పడుకునే గది ఉంటే ఆ వారం రోజులు ఖాళీ చేయించండి. ఆ గ్యాస్ రాగిని తినేస్తుంది, ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ముందే బయటికి తీయించండి, మా కాటా ఒకటి అలాగే పోయింది. మిగిలిన బిళ్లలు మీ దగ్గర వదిలి వెళ్లనివ్వకండి, నీరు తగిలితే మంట లేస్తుంది. ఇంకొకటి, బిళ్ల ఆ రోజున్న పురుగుని చంపుతుంది, రేపు పక్క నెట్టు నుంచి వచ్చేదాన్ని ఆపదు.

పందికొక్కులకి మన డెల్టా స్వర్గం. కాలవ గట్టు, పొలం, గోదాం, అన్నీ పక్కపక్కనే. షటరు కింద సందుకి ఇనుప రేకు కొట్టించండి, గోదాం చుట్టూ ఆరడుగుల మేర గడ్డి, చెత్త లేకుండా చెయ్యండి. జింక్ ఫాస్ఫైడ్ ఎర పెడితే ముందు రెండు రోజులు మందు లేని నూకలు నూనెతో కలిపి అలవాటు చెయ్యాలి. మొదటి రోజే మందు పెడితే ఒకటి చస్తుంది, మిగతావి ఆ ఎర జోలికి రావు.

నీళ్ల సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. లంకల్లో, ఏటిగట్టు వారన గోదాం ఉన్నవాళ్లు ఆ అంకెలు చూసుకోవాలి. పాలకొల్లు వైపు మీకు నీళ్లు తెచ్చేది డ్రెయిన్లు. వాన దంచికొట్టిన రోజే సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిన్ లాగదు, ఎగదన్నుతుంది. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. మీ మామగారు కట్టినప్పుడు గోదాం గచ్చు రోడ్డు కంటే మూడడుగులు పైన ఉండి ఉంటుంది, ఇప్పుడెంత ఉందో ఒకసారి కొలవండి. ఒక అడుగు కూడా లేదంటే షెడ్డుకి దాచిన డబ్బు గచ్చు లేపడానికి పెట్టండి. పైకప్పు రేకుల కొక్కేలు సెప్టెంబరు లోపు చూపించండి. బీమా పాలసీ తీసి అగ్నిప్రమాదం ఒక్కటే ఉందా, తుపాను, వరద ముంపు కూడా ఉన్నాయా అని చదవండి. రైతుల సరుకు, బ్యాంకు తాకట్టు సరుకు ఉంటే అవి మీ పాలసీ కిందకి వస్తాయో రావో రాతపూర్వకంగా అడగండి.

ముఠా గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మంచి మేస్త్రి దొరికితే సగం గోదాం ఆయనే నడుపుతాడు. మేత, బియ్యం సంచులకి కొక్కెం వాడనివ్వకండి. వాడితే నిమిషం మిగులుతుంది, సంచి పోతుంది. లోడింగ్, అన్‌లోడింగ్ ఒకే షటరు నుంచి ఒకే వేళ పెట్టకండి. ఉదయం దిగుమతి, మధ్యాహ్నం ఎగుమతి. లెక్క తప్పేది ఎక్కువగా ఆ రెండూ కలిసిన పూటే.

సాఫ్ట్‌వేర్ మాటకొస్తే, కార్డు రాయని చేత్తో ఎవరూ కంప్యూటర్‌లో ఎక్కించరు. మీ సైజుకి ఎక్సెల్ షీటు చాలు. సాయంత్రం కుర్రాడు కార్డులన్నీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే మీరు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. రేపు బయటి రైతుల ధాన్యం పెట్టి రసీదు మీద వాళ్లకి బ్యాంకు అప్పు ఇప్పించాలనుకుంటే అప్పుడు సంగతి వేరు. 2007 చట్టం కింద గిడ్డంగుల నియంత్రణ సంస్థలో రిజిస్టరు చేసుకుంటే ఎలక్ట్రానిక్ రసీదులు ఇవ్వొచ్చు. దానికీ వాళ్లు ముందు చూసేది మీ నెట్లు, కార్డులు, గోడ సందులే.

దాళ్వా ధాన్యం దిగేలోపు ఒక ఆదివారం గోదాం ఖాళీగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి పసుపు పెయింటుతో నేల మీద గీతలు గీయించండి. సగం గీసి సరుకు అటు జరిపి మిగతా సగం గీయొచ్చు. ఒక్క విషయం మీరు రాయలేదు, షటర్లు ఏ గోడకి ఉన్నాయి? 60 అడుగుల గోడకి మధ్యలో ఉంటే నేను చెప్పిన లెక్క అలాగే పనిచేస్తుంది. 100 అడుగుల గోడకి ఉంటే దారి అడ్డంగా తిప్పాలి, నెట్లు మారతాయి. చెప్పండి, మళ్లీ వేద్దాం.